విపణి పరిశోధన: ఎవరిని అడుగవలెను?

నార్కట్‌పల్లి హైదరాబాదు–విజయవాడ రహదారిపై నున్నది. అద్దంకికి పోవు మార్గము అచ్చటనే చీలును. ఆ కూడలిలోని టీ దుకాణములలో వేయిమందిని "మీరు టీ త్రాగుదురా?" అని అడిగినచో, దాదాపు అందరును "త్రాగుదుము" అనియే చెప్పుదురు. ఆ మాట నమ్మి చుట్టుపట్ల గ్రామములలో అమ్ముటకు సరుకు తెప్పించిన వర్తకుడు నష్టపోవచ్చును. అతడు అడిగినది గ్రామస్థులను కాదు, టీ కొరకు ఆగిన బాటసారులను.

1936లో అమెరికా అధ్యక్షుని ఎన్నిక ముందు లిటరరీ డైజెస్ట్ పత్రికయు ఇట్లే పొరబడెను. ఒక కోటి నమూనా ఓటుపత్రములు పంపగా, 20 లక్షలకు పైగా తిరిగి వచ్చెను. లాండన్ గెలుచునని పత్రిక ప్రకటించెను, గెలిచినది రూజ్‌వెల్టు. పేర్లు ఎక్కువగా టెలిఫోను, మోటారుకార్లు గలవారి జాబితాల నుండి తీసినవి. ప్రకటనల సంస్థలో విపణి పరిశోధన చేయుచుండిన జార్జి గాలప్ చాల తక్కువ మందిని అడిగియు విజేతను సరిగా చెప్పెను.

మన దేశమున ఈ విద్యను పెంచినవారు ప్రశాంతచంద్ర మహలనోబిస్. ఆయన 1931లో కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించిరి. 1939లో ఆ నగరపు మధ్యతరగతి కుటుంబములలో టీ వాడుకపై విచారణ జరిపిరి. ఒకే ప్రాంతమున రెండు నమూనాలను ఎన్నుకొని, రెండు జట్లచే విడివిడిగా వివరములు సేకరించుట ఆయన కనిపెట్టిన పద్ధతి. ఫలితములు పొసగనిచో, అడిగినవారి పొరపాటు బయటపడును. 1950లో ఆరంభమైన జాతీయ నమూనా సర్వేలోను ఈ పద్ధతిని అనుసరించిరి.

కావున నార్కట్‌పల్లి సంగతి తెలియవలెనన్న, ముందు ఇండ్ల పట్టిక వ్రాసికొని, చీట్లు తీసి కొన్నింటిని ఎన్నుకొనవలెను. తలుపు మూసియున్నచో ప్రక్కయింటితో సరిపెట్టుకొనరాదు; మరల పోవలెను. కూడలిలోని వేయిమంది మాట కంటె అట్టి నూరిండ్ల మాట నమ్మదగినది.