కత్తెర మన చేతికి ఎట్లా వచ్చింది?



కొన్ని రోజులుగా జూనియర్లు ఒకటే అడుగుతా ఉన్నారు. "అన్నా, నా దగ్గర పాత కంప్యూటర్ ఉంది, 4 జీబీ ర్యామ్. మా అవ్వ పాటలు ఫోన్లో తీసినాను. డబ్బులు లేకుండా ఎడిటింగ్‌కి ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాల?" అని. ఒక్క పేరు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ పేరు వెనక చరిత్ర తెలిస్తే, రేపు ఇంకో కంప్యూటర్ వచ్చినా ఏది ఎంచుకోవాలో మీకే తెలుస్తుంది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ఎడిటింగ్ అంటే ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని తేల్చడం. మన విషయంలో ఇది ఎప్పుడూ వేరేవాళ్లే తేల్చినారు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద 7 సంపుటాల పుస్తకం అచ్చేసినాడు. యానాదులు, ఎరుకలవాళ్లు, లంబాడీలు అందరం అందులో ఉన్నాం. మనుషుల తలలు, ముక్కులు కొలిచి అంకెలు రాసుకున్నాడు. ఏం రాయాలో మనల్ని ఎవరూ అడగలేదు. యక్షగానాల కాడి నుంచి సినిమాల దాకా ఎరుకలసాని పాత్ర ఉండాది, ఎరుకల భాష మాత్రం వినపడదు. ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట చూడండి. 1971 నుంచి అక్కడ రాకెట్లు ఎగురుతున్నాయి, టీవీలో చూసి మనమూ చప్పట్లు కొడతాం. అంతకుముందు ఆ దీవిలో బతికి, ఆ నేల వదిలిపోయిన యానాదుల మాట ఆ వీడియోల్లో ఎంతసేపు ఉంటుంది?

మరి మనమే ఎందుకు చెయ్యలేదు? చాలా కాలం కత్తెర మనకు అందేంత దూరంలో లేదు. సినిమా మొదలైనప్పుడు అది నిజంగా కత్తెరే. ఫిల్మ్‌ను కోసి, జిగురుతో అతికించేవాళ్లు. 1924లో ఐవాన్ సెరూరియర్ అనే ఆయన మూవియోలా అనే యంత్రం తయారుచేసినాడు. బొమ్మ చూసుకుంటా ఎక్కడ కొయ్యాలో గుర్తు పెట్టుకునే యంత్రం అది. తెలుగు సినిమాలు మద్రాసులో తయారైన రోజుల్లో ఎడిటింగ్ రూముల్లో ఇట్లాంటి యంత్రాలే ఉండేవి. తర్వాత వీడియో టేపు వచ్చింది. పెళ్లి వీడియోలు తీసేవాళ్లు ఒక టేపు నుంచి ఇంకో టేపుకు ఎక్కించుకుంటా ఎడిట్ చేసేవాళ్లు. ఎక్కించే ప్రతిసారీ బొమ్మ మసకబారేది.

కంప్యూటర్ మీద ఎడిటింగ్‌కు 1989 పెద్ద మలుపు. ఆ ఏడాది అమెరికాలో ఎవిడ్ కంపెనీ తన యంత్రాన్ని చూపించింది. 1991లో అడోబీ ప్రీమియర్ వచ్చింది. మన పక్క పెళ్లి స్టూడియోల్లోకి తర్వాత ఎడియస్ లాంటివి వచ్చినాయి. ఇవన్నీ దుడ్డు పెట్టి కొనాల్సినవే. 2013లో అడోబీ ఇంకో అడుగు వేసింది. కొత్త వెర్షన్లు ఒకసారి కొనుక్కుంటే సరిపోయే పద్ధతి తీసేసి, చందా కట్టే పద్ధతి పెట్టింది. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో తెలియని మనకు ఆ చందా యాడ కుదురుతుంది?

ఇంకో దారి కూడా అదే కాలంలో పడింది. 1983లో రిచర్డ్ స్టాల్మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించినాడు. సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు అన్నది ఆయన మాట. 2000లో అవేరీ లీ వర్చువల్‌డబ్‌ను విడుదల చేసినాడు. కాలేజీలో ఉన్నప్పుడు తన అవసరానికి మొదలుపెట్టిన పని అది. అంటే మన లాంటి స్టూడెంటే. 2002లో బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీ మూతపడితే, దాన్ని విడిపించడానికి లక్ష యూరోలు కావాల్సి వచ్చింది. లోకమంతా ఉన్న వాడకందార్లు చందాలు వేసుకుని 7 వారాల్లో ఆ డబ్బు కట్టినారు. అప్పటినుంచి అది అందరిదీ. మన ఊళ్లో అందరూ తలా కొంచెం వేసుకుని జాతర చేసినట్టే కదా. కేడెన్‌లైవ్ 2002లో, ఓపెన్‌షాట్ 2008లో మొదలైనాయి. ఇవీ, డాన్ డెనెడీ నడిపిస్తున్న షాట్‌కట్ కూడా ఉచితమే, వీడియో మీద కంపెనీ ముద్ర పడదు.

"ఉచితం" అన్నవన్నీ ఒకటి కాదు. డావిన్సీ రిజాల్వ్ ఒకప్పుడు లక్షల డాలర్ల యంత్రాలతో కలిపి స్టూడియోలకు అమ్మినది. 2009లో బ్లాక్‌మ్యాజిక్ ఆ కంపెనీని కొని, 2011లో ఉచిత వెర్షన్ ఇచ్చింది. చాలా మంచి సాఫ్ట్‌వేరే, కానీ దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు, ఎక్కువ ర్యామ్ కావాల. పాత కంప్యూటర్ దాన్ని మొయ్యలేదు. విండోస్ మూవీ మేకర్ తేలికగా నడిచేది, కానీ మైక్రోసాఫ్ట్ 2017 జనవరిలో దాన్ని ఆపేసింది. కంపెనీ ఇచ్చినది కంపెనీ ఎప్పుడైనా వెనక్కి తీసుకుంటుంది. పంచుకునే లైసెన్సుతో వచ్చినదాన్ని అట్లా తీసుకోలేదు.

ఇక లెక్కకు వద్దాం. షాట్‌కట్ వాళ్లు చెప్పేది ఏందంటే, మామూలు క్వాలిటీ వీడియోకు 4 జీబీ ర్యామ్, హెచ్‌డీకి 8 జీబీ, 4కేకి 16 జీబీ. దీన్నిబట్టి నా సలహా ఇది. ముందూ వెనకా కోసి, ముక్కలు కలపడమే మీ పని అయితే అవిడెమక్స్ చాలు. అందులో "కాపీ" మోడ్ పెట్టుకుంటే వీడియోను మళ్లీ తయారుచెయ్యదు కాబట్టి పాత మిషన్‌లో కూడా తొందరగా అయిపోతుంది. పేర్లు వెయ్యాల, ఫోటోలు, గొంతు కలపాల అంటే 4 జీబీలో షాట్‌కట్ వేసుకోండి, కంప్యూటర్ 64 బిట్‌దై ఉండాల. 8 జీబీ ఉంటే కేడెన్‌లైవ్ కూడా బాగుంటుంది. రెండింట్లోనూ "ప్రాక్సీ" ఆన్ చెయ్యండి. అది పెద్ద వీడియోకు చిన్న నకలు చేసి, దాని మీద పని చేయిస్తుంది. చివరికి వీడియో బయటికి వచ్చేటప్పుడు అసలుదాన్నే వాడుతుంది. ఫోన్లో 4కే పెట్టి తియ్యొద్దు, 720 లేదా 1080 చాలు. హెచ్‌ఈవీసీ బదులు హెచ్.264 ఎంచుకోండి. క్రాక్ సాఫ్ట్‌వేర్ జోలికి మాత్రం పోవద్దు, దాంతోపాటు వైరస్ వస్తే తీసిన పాటలు కూడా పోతాయి.

ఇంకో రెండు మాటలు. ఎడిట్ చేసినాక అసలు రికార్డింగ్ చెరపకండి, రెండు చోట్ల దాచండి. ఈరోజు పనికిరాదని మనం కోసేసిన దగ్గు, నవ్వు, మధ్యలో చెప్పిన మాట రేపు మన పిల్లలకు కావాల్సి రావచ్చు. ఏది ఉంచాలో, ఏది తియ్యాలో అవ్వను కూర్చోబెట్టి చూపించి అడగండి. థర్‌స్టన్ అడగలేదు, మనం అడగాల.

సెలవులకు ఊరికి పోయినప్పుడు పాటకు ముందు ఆమె పేరు, ఊరి పేరు ఆమె నోటితోనే చెప్పించండి. మన పెద్దోళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతా ఉన్నారు. కొత్త కంప్యూటర్ వచ్చేదాకా ఆగొద్దు, ఉన్నదాంట్లోనే మొదలుపెట్టండి.