అవశేషావయవాలు: ఒక వాదన చరిత్ర

1871లో డార్విన్ తన ‘మానవ అవతరణ’ గ్రంథములో మానవుని ఉండుకమును అవశేషావయవాలలో చేర్చాడు. 1925లో అమెరికాలోని డేటన్‌లో జరిగిన స్కోప్స్ విచారణకు జంతుశాస్త్రజ్ఞుడు న్యూమన్ ఇచ్చిన వాంగ్మూలము, జర్మన్ శాస్త్రజ్ఞుడు వీడర్‌షైమ్‌ను పేర్కొంటూ, ఇట్టి నిర్మాణాలు 180కి తక్కువ కాదన్నది.

ఉండుకములో రోగనిరోధక కణజాలమున్నది, తోక ఎముకకు కండరాలు అతుక్కొని ఉన్నాయి. కనుక పరిణామవాదము కూలిపోయినదని కొందరు క్రైస్తవ రచయితలు వాదించారు. అయితే పూర్వపు పనిని కోల్పోయిన అవయవము మరొక పనికి ఉపయోగపడవచ్చునని డార్విన్ 1859లోనే వ్రాశాడు. ఉపయోగమున్నదని చూపినంత మాత్రాన ఆ వాదన తొలగిపోదు.

సంఘములోని విద్యార్థి ఈ సంగతిని కళాశాలలో తెలుసుకొంటే, మన బోధ అంతటినీ శంకించవచ్చును. సృష్టికర్తయందలి విశ్వాసమునకు ఉండుకము పునాది కాదు. ప్రసంగ వేదికపై సగము సత్యము పలుకరాదని మేము భావిస్తున్నాము.