తిరువూరు గాలిలో పుప్పొడి: కొన్ని మాటలకు వ్యాఖ్యానం

పుప్పొడి: పువ్వులోని మగ కేసరాల నుంచి రాలే పొడి. అదంతా ముక్కు దాకా రాదు. తిరువూరు చుట్టూ మామిడి తోటలు. పూత కాలంలో తుమ్ములు మొదలైతే నిందంతా పూతదే. ఒక్కసారి కొమ్మ దగ్గరికి వెళ్లి చూడండి, ఈగలు ముసురుతుంటాయి. మామిడి పుప్పొడి జిగటది; వాటి ఒంటికి అంటుకుని పోతుందే గానీ గాలికి ఎగిరేది తక్కువ.

గాలి పువ్వులు: రంగూ తేనే లేనివి. గరిక, సరుగుడు, నెమలినార. ఈ నెమలినార ఆకు రాల్చి, సరిగ్గా మామిడి పూసే రోజుల్లోనే మోడు కొమ్మల మీద పూస్తుంది. అవి పువ్వులని కూడా తెలియదు. అసలు అనుమానించాల్సింది ఈ చెట్టును. మొక్కజొన్న మగపూతను వేలితో తట్టితే పసుప్పచ్చ పొడి జలజలా రాలుతుంది. కానీ ఆ రేణువు పెద్దది, బరువైనది, చాలావరకు చేను దగ్గరే దిగిపోతుంది.

వయ్యారిభామ: రోడ్ల పక్కన తెల్లగా పూసే కలుపు. దీనివల్ల తుమ్ములే కాదు, చర్మం మీద దద్దుర్లూ వస్తాయి.

ఘనపు మీటరుకు ఎన్ని: పుప్పొడి లెక్క చెప్పే తీరు ఇది. 1952లో ఇంగ్లండులో హిర్స్ట్ అనే శాస్త్రవేత్త రూపొందించిన పద్ధతిలో పనిచేసే బర్కార్డ్ యంత్రం నిమిషానికి 10 లీటర్ల గాలి పీలుస్తుంది, ఇంచుమించు మనం పీల్చేంత. లోపల జిగురు టేపు చుట్టిన డ్రమ్ము గంటకు 2 మిల్లీమీటర్లు కదులుతుంది, వారానికి ఒక చుట్టు. టేపును రోజుకొక ముక్కగా కోసి, రంగు అద్ది, మైక్రోస్కోపు కింద లెక్కిస్తారు. ఏ గంటలో ఏ చెట్టు పొడి వచ్చిందో టేపే చెబుతుంది.

రుతువు: చలి దేశాల్లోలా మనకు ఒకే పుప్పొడి కాలం ఉండదు. వాన గాలిని కడుగుతుంది. ఆ వానకే మొలిచిన గడ్డి కొన్నాళ్లకు పూస్తుంది.

క్యాలెండర్: ఏ నెలలో ఏ పుప్పొడి ఎంతో చూపే పట్టిక. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన సి. సుబ్బారెడ్డి ఇరవై మైళ్ల దూరంలోని రెండు చోట్ల గాలిలోని పుప్పొడినీ బూజు బీజాలనూ పోల్చి 1970లో ప్రచురించారు. చెట్లు మారితే గాలీ మారుతుంది. హైదరాబాదు పట్టిక పట్టుకుని తిరువూరు ముక్కుకు మందు రాయలేం.

స్లైడు: యంత్రం ఖరీదైనదే. వాసెలిన్ పూసిన గాజు స్లైడును వానకు తడవకుండా మేడ మీద 24 గంటలు ఉంచినా పుప్పొడి దిగుతుంది. ఘనపు మీటరు లెక్క రాదు గానీ, ఏది ఎప్పుడు దిగిందో తెలుస్తుంది. తిరువూరు కాలేజీల్లో వృక్షశాస్త్రం చెప్పే మాస్టార్లకు ఒక్క మనవి: పిల్లలతో ఏడాది పాటు రోజుకొక స్లైడు తీయించండి.