హర్లర్ వ్యాధి: చర్మ లక్షణాలు, మూలకణ మార్పిడి

ఒంట్లో తయారయ్యే పొడవాటి చక్కెర గొలుసులను విరగ్గొట్టే ఎంజైము పుట్టుకతోనే లోపించడం వల్ల వచ్చే అరుదైన జబ్బు హర్లర్ వ్యాధి. లోపమున్న జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే బయటపడుతుంది కాబట్టి మేనరికాలు చేసుకునే కుటుంబాల్లో ముప్పు ఎక్కువ. దీని దగ్గరి చుట్టమైన హంటర్ వ్యాధిని 1917లో కెనడాలో చార్లెస్ హంటర్, దీన్ని 1919లో జర్మనీ వైద్యురాలు గెర్ట్రూడ్ హర్లర్ వర్ణించారు.

తొలి ఆనవాలు కొన్నిసార్లు వీపు మీదే కనిపిస్తుంది. మన పసిపిల్లలకు నడుము కింద నీలిమచ్చలు మామూలే, పెరిగేకొద్దీ చెరిగిపోతాయి. హర్లర్ పిల్లల్లో అవి వీపంతా పరుచుకుని, కొందరిలో పొట్టమీదికీ పాకి, చాలాకాలం వదలవు. చర్మం మందమెక్కుతుంది, జుట్టు ముతకబారుతుంది. హంటర్ వ్యాధిలోనైతే రెక్కల ఎముకల దగ్గర గులకరాళ్లు పరిచినట్టు తెల్లని బొడిపెలు లేస్తాయి.

చికిత్సకు దారి చూపిందీ చర్మమే. 1968లో అమెరికాలో ఎలిజబెత్ న్యూఫెల్డ్ బృందం హర్లర్, హంటర్ రోగుల చర్మకణాలను ఒకే పాత్రలో కలిపి పెంచితే, ఒకదాని లోటును మరొకటి తీర్చింది. ఆరోగ్యవంతుల కణాలను శరీరంలోకి పంపితే అవే ఎంజైము పంచిపెడతాయన్నమాట. లండన్‌లో హాబ్స్ బృందం హర్లర్ బిడ్డకు మూలకణాలుండే ఎముక మజ్జను మార్చి, ఫలితాన్ని 1981లో ప్రకటించింది.

మార్పిడి కుదిరితే కాలేయం వాపు తగ్గుతుంది, చర్మం మెత్తబడుతుంది, జుట్టు నునుపెక్కుతుంది. కన్నవాళ్లకు ముందు కనిపించేది ఇదే. కానీ చర్మాన్ని చూసి అంతా నయమైందనుకోవడం పొరపాటు: ఎముకల వంకరలు, కంటి పొర మసక అంత సులభంగా లొంగవు. మెదడును కాపాడటమే అసలు లాభం. దాత కణాలు అక్కడికి చేరి స్థిరపడటానికి నెలలు పడుతుంది, ఈలోగా నష్టం ఆగదు. 2003లో వచ్చిన ఎంజైము ఇంజెక్షన్ రక్తం నుంచి మెదడులోకి దాటలేదు. మార్పిడి తర్వాత అరచేతులు, అరికాళ్లలో ఎర్రని దద్దు వస్తే అశ్రద్ధ చేయరాదు. దాత కణాలు బిడ్డ శరీరంపైనే తిరగబడటానికి అది తొలి గుర్తు కావచ్చు.

ఇలాంటి జబ్బులకు హైదరాబాద్‌లో ఎల్‌బీ నగర్ కామినేని ఆసుపత్రిలో జన్యు విభాగం ఉంది. దగ్గర్లోని ఉప్పల్‌లో డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ, మెట్రో ఎరుపు మార్గంలో పంజాగుట్ట వైపు వెళితే నిమ్స్ ఆసుపత్రి ఉన్నాయి. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం సీడీఎఫ్‌డీ, నిమ్స్‌లను కలిపి ఒక ప్రత్యేక కేంద్రంగా గుర్తించింది. కేంద్ర ప్రభుత్వ సాయం పరిమితి 2022లో 50 లక్షల రూపాయలకు పెరిగింది. తీవ్రమైన హర్లర్‌కు మార్పిడి రెండేళ్లలోపే జరగాలని ఆ విధానం చెబుతోంది.