రహీం సాబ్ ఇచ్చిన రూపాయి

అత్తాపూర్‌లో ఇంటి గుర్తు చెప్పాలంటే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబరు చెబితే చాలు. ఆ పిల్లర్ల పక్క సందుల్లో ఖాళీ జాగాలకు వలలు కట్టి, ప్లాస్టిక్ గడ్డి పరిచి, గంట లెక్కన అద్దెకిచ్చే టర్ఫులు వెలిశాయి. సాయంత్రమైతే పిల్లలు తలా కొంత వేసుకుని ఒక గంట కొనుక్కుంటారు. ఒంటి మీద మాంచెస్టర్ సిటీ, రియల్ మాడ్రిడ్ చొక్కాలు. మొన్నొకరోజు నేను వల ఇవతల నిలబడి చూస్తుంటే ఇద్దరు పిల్లలు వాదించుకుంటున్నారు. "పైసలున్న క్లబ్బే గెలుస్తది" అని ఒకడు. "పైసలుంటే ఏమైతది, కోచ్ ఉండాలె" అని ఇంకొకడు. ఈ పంచాయితీ తెగడానికి ఇంగ్లండ్ దాకా పోనక్కర్లేదు, ఈ ఊళ్ళోనే డెబ్భై ఐదేళ్ళ లెక్క ఉందని చెప్పాలనిపించింది. కానీ వాళ్ళ గంట అయిపోవస్తోంది. అందుకే ఆ లెక్క ఇక్కడ రాస్తున్నాను.

మొదటివాడి మాటకు బలం లేకపోలేదు. సైమన్ కూపర్, స్టెఫాన్ షిమాన్‌స్కీ 2009లో అచ్చేసిన 'సాకర్‌నామిక్స్' పుస్తకంలో ఇంగ్లండ్ క్లబ్బుల జీతాల బిల్లులను, లీగులో వాటి స్థానాలను పక్కపక్కన పెట్టి చూశారు. పదేళ్ళ సగటు తీస్తే స్థానాల్లోని తేడాలో దాదాపు 90 శాతం జీతాల తేడాతోనే తేలిపోయింది. అయితే అది సగటు. 2015–16లో లెస్టర్ సిటీ ఛాంపియన్ అయినప్పుడు పందెగాళ్ళు ఆ జట్టు మీద ఒకటికి ఐదువేలు ఇస్తామన్నారు. పారిస్ సెయింట్ జర్మేన్‌ను 2011లో ఖతార్ కొన్నది. 2017లో ఒక్క నెయ్‌మార్‌కే 22 కోట్ల 20 లక్షల యూరోలు పోసింది. తర్వాత మెస్సీ వచ్చాడు, ఎంబాపే ఉండనే ఉన్నాడు. ఛాంపియన్స్ లీగ్ మాత్రం ఆ ముగ్గురూ వెళ్ళిపోయాకే, 2025లో, కోచ్ లూయిస్ ఎన్రికే చేతుల మీదుగా వచ్చింది. అయినా ఈ ఉదాహరణలన్నీ డబ్బులో మునిగి తేలే ఊళ్ళవి. డబ్బే లేనిచోట ఏం జరుగుతుందో చూడాలంటే 1950ల హైదరాబాద్‌కు రావాలి.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో ఈ నగరంలోనే పుట్టారు. ఉస్మానియాలో చదివి బడిపంతులయ్యారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్ళలో పాఠాలు చెప్పారు. 1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు, ఆ తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆయన పద్ధతులు వింటే పంతులు బుద్ధి ఎక్కడా దాగదు. బలహీనమైన కాలితోనే ఆడాలని ఒక టోర్నమెంటు, డ్రిబ్లింగ్ చేయకూడదని ఇంకొకటి పెట్టేవారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో పాస్ ఇవ్వడానికి తడబడతాడు. పదిసార్లు తప్పుతాడు, పదకొండోసారి కుదురుతుంది. డ్రిబ్లింగ్ వద్దంటే బంతి కాలికి తగిలేలోపే పక్కవాడు ఎక్కడున్నాడో చూసుకోవాలి. వీటికి పెద్ద గ్రౌండూ అక్కర్లేదు, ఖర్చూ లేదు. హంగరీ వాళ్ళు సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి లాగి ఆడించే తీరు చూసి, మన ఆటను కూడా 4-2-4 వైపు మళ్ళించారు. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్పు గెలిచాకే చాలా దేశాలకు ఆ అమరిక పేరు తెలిసింది.

ఫలితం రికార్డుల్లో ఉంది. సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పు వరసగా ఐదేళ్ళు గెలిచింది. ఆ 1950లోనే మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు తెచ్చింది, 1954లోనూ 1957లోనూ మళ్ళీ తెచ్చింది. రాష్ట్రం మారాక ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో 1961లో నాలుగోసారి గెలిచింది. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956, 1957 సంవత్సరాల్లో వెంటవెంటనే గెలుచుకుంది. ఎదురుగా ఉన్నవి కలకత్తా క్లబ్బులు. గేటు వసూళ్ళు, వేల మంది సభ్యులు, సంపన్న పోషకులు అన్నీ వాళ్ళ దగ్గరే. మన వాళ్ళ దగ్గరున్నది పోలీసు కొలువు.

ఆ కొలువు దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే రహీం సాబ్ కథ చెప్పేవాళ్ళు దీన్ని దాటేస్తారు. కానిస్టేబుల్ జీతం పెద్దదేం కాదు. కానీ నెల తిరగ్గానే వస్తుంది. మోకాలు విరిగినా వస్తుంది, ఆట మానేశాక పెన్షనూ వస్తుంది. బీద ఇంట్లో పుట్టిన కుర్రాడికి, వాడి తల్లికి, ఇంతకన్నా ధైర్యం ఏముంటుంది? అదే పదకొండు మంది ఏళ్ళ తరబడి ఒకే మైదానంలో, ఒకే మనిషి దగ్గర నేర్చుకోవడం కుదిరింది. రహీం సాబ్ మేధావి అనడంలో నాకు సందేహం లేదు. ఆ మేధకు వ్యవధి ఇచ్చింది మాత్రం సర్కారు జీతం. ఆ డబ్బు గొప్పతనం మొత్తంలో లేదు, తప్పకుండా రావడంలో ఉంది.

తులసీదాస్ బలరాం కథలో ఇది ఇంకా చిన్నగా, ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టారు బలరాం. ఆయన ఆట చూసి రహీం సాబ్ సెలక్షన్‌కు రమ్మంటే, రోజూ అంతదూరం రావడానికి డబ్బుల్లేవన్నారట. అద్దె సైకిల్‌కని రోజుకొక రూపాయి ఇచ్చి పిలిపించుకున్నారు రహీం సాబ్. 1956లో బలరాం సంతోష్ ట్రోఫీ ఆడారు, అదే ఏడాది మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళారు. ఆ రూపాయిని డబ్బు ఖాతాలో రాయాలా, కోచింగ్ ఖాతాలో రాయాలా? నాకైతే రెండింటినీ విడదీయడం చేతకావడం లేదు.

దేశం జట్టుతోనూ ఇదే వరస. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో రహీం శిక్షణలో భారత్ ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో, ఆ చలిలో, చాలామంది బూట్లు లేకుండానే ఆడి, యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడారు. కోచ్ ఆయనే. కోచ్ ఒక్కడే చాలడని చెప్పే మ్యాచ్ అది. బూట్లు తప్పనిసరి అయ్యాక, నాలుగేళ్ళకు మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ చేశాడు. చివరికి నాలుగో స్థానం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మనకు ఇప్పటికీ అంతకన్నా మంచి స్థానం లేదు. ఆ జట్టులో బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ అంతా హైదరాబాద్ వాళ్ళే.

1962 జకార్తా ఆసియా క్రీడల గురించి ఎన్నిసార్లు చదివినా నాకు గుండె బరువెక్కుతుంది. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడాం. ఆ తర్వాతి మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడ్డాయి. రహీం సాబ్ ఆయనను కూర్చోబెట్టలేదు, తీసుకెళ్ళి ముందు వరసలో నిలబెట్టారు. సెమీఫైనల్‌లో జర్నైల్ గోల్ కొట్టారు. ఫైనల్‌లో మళ్ళీ అదే కొరియా. స్టేడియం నిండా మనల్ని ఎద్దేవా చేసే జనం. గోల్‌లో జ్వరంతోనే నిలబడ్డ పీటర్ తంగరాజ్, ఆయన పుట్టింది హైదరాబాద్‌లోనే. పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్, 2–1తో స్వర్ణం. బెంచీ మీద కూర్చున్న కోచ్ అప్పటికే క్యాన్సర్‌తో లోలోపల కాలిపోతున్నారు. 1963 జూన్ 11న కన్నుమూశారు, ఏభై మూడేళ్ళకే.

ఆ తర్వాత హైదరాబాద్ ప్రతిభ ఒక్కసారిగా ఎండిపోలేదు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. కానీ రైలు కలకత్తా వైపు కదిలింది. బలరాం 1950లలోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళారు. 1966లో మహమ్మద్ హబీబ్ వెళ్ళారు. నయీముద్దీన్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్, అందరిదీ అదే బాట. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు నయీముద్దీనే కెప్టెన్. 1977లో పీలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2–2తో డ్రా చేసుకున్నప్పుడు అందులో ఒక గోల్ మన హబీబ్‌ది. ఇంతకన్నా నాకు బాధగా అనిపించేది వేరే ఉంది. ఆ మోహన్ బగాన్ కోచ్ పీకే బెనర్జీ, అంటే రహీం సాబ్ శిష్యుడు. డబ్బు ఆటగాళ్ళనే కాదు, గురువు విద్యను కూడా తనవైపు లాక్కుంది. ఈ ఊరికి మిగిలింది జ్ఞాపకం. క్రికెట్ పెరిగింది, మైదానాలు తగ్గాయి, ఆ నలభై ఏళ్ళ గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు.

2019లో పూణె క్లబ్బు మూతపడ్డ చోట హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది, ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చింది. మొదటి సీజన్‌లో 18 మ్యాచ్‌లకు 10 పాయింట్లు, అట్టడుగు స్థానం. 2020లో స్పెయిన్ నుంచి కోచ్‌గా మనోలో మార్క్వెజ్ వచ్చారు.  ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో లాంటి కుర్రాళ్ళకు చోటిచ్చి, తప్పు చేసినా మళ్ళీ ఆడించారు. మొదటి ఏడాది ఐదో స్థానం. రెండో ఏడాది, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన గోల్‌తో 1–1. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, 3–1తో కప్పు హైదరాబాద్‌ది అయింది. ఆ రాత్రి ఇంట్లో నేను ఒక్కణ్ణే లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. మైదానంలోకి దిగిన ఆ పదకొండు మందిలో హైదరాబాద్ కుర్రాడు ఒక్కడూ లేడన్న సంగతి మర్నాడు గుర్తొచ్చింది.

2022–23లోనూ లీగులో రెండో స్థానం. 2023లో మనోలో గోవాకు వెళ్ళిపోయారు. 2023–24 సీజన్‌లో జీతాల బకాయిల గొడవ బయటికొచ్చింది, కొత్త ఆటగాళ్ళను తీసుకోకుండా ఆంక్షలు పడ్డాయి, విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో మిగిలిన కుర్రాళ్ళనే ఆడించారు. 22 మ్యాచ్‌ల్లో ఒకే గెలుపు, 8 పాయింట్లు. ఛాంపియన్ జట్టు రెండేళ్ళలో అడుగుకు చేరింది. కోచ్ పోయినందుకా, జీతాలు ఆగినందుకా అని అడిగితే నా జవాబు జీతాలని. నెల జీతం రాని జట్టుకు రహీం సాబ్ వచ్చినా పాఠం చెప్పలేరు. ఇంటి అద్దె ఆలోచిస్తున్న ఆటగాడి చెవికి పాఠం ఎక్కదు. తర్వాత యాజమాన్యం మారింది, 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరే మార్చుకుంది.

ఇదే మనోలో 2024లో భారత జట్టు కోచ్‌గా మళ్ళీ మన గచ్చిబౌలి స్టేడియానికే వచ్చారు. ఇంటర్‌కాంటినెంటల్ కప్పులో మారిషస్‌తో 0–0, సిరియా చేతిలో 3–0 ఓటమి. మొత్తం ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి 2025లో తప్పుకున్నారు. మనిషి మారలేదు, విద్య మారలేదు. హైదరాబాద్ ఎఫ్‌సీలో ఆటగాళ్ళు రోజూ తన దగ్గరే ఉండేవారు, భారత జట్టులో మ్యాచ్‌కు ముందు కొన్ని రోజులే దొరికారు. పోలీస్ మైదానంలో ఏళ్ళకేళ్ళు ఒకే జట్టును తీర్చిదిద్దిన పంతులుకు, ఈయనకు తేడా అక్కడే ఉందనుకుంటాను.

ఇప్పుడు మన ఊళ్ళో మిగిలిన పెద్ద క్లబ్బు శ్రీనిధి డెక్కన్. 2022–23, 2023–24 ఐ-లీగ్ సీజన్లలో వరసగా రెండో స్థానంలో నిలిచింది. దాని సొంత మైదానం డెక్కన్ అరీనా అజీజ్‌నగర్‌లో, హిమాయత్ సాగర్ అవతల. చిన్న వయసు పిల్లల జట్లూ నడుపుతోంది. అత్తాపూర్ నుంచి చెప్పుకోదగ్గ దూరమే, ఒకప్పటి అమ్ముగూడ సైకిల్ దారిలాగా. ఏ బస్సు ఎక్కి ఎక్కడ మారాలో, రానూపోనూ టికెట్‌కు ఎంతవుతుందో ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. సాయంత్రం టర్ఫు దగ్గర ఆ ఇద్దరూ కనబడితే ఇస్తాను.