మౌజర్ సి96: ఓబర్న్‌డార్ఫ్ నుంచి కాకోరీ వరకు

మౌజర్ సి96 జర్మనీలోని ఓబర్న్‌డార్ఫ్ పట్టణంలో 1896లో తయారీ మొదలైన సెమీ ఆటోమేటిక్ పిస్తోలు. మౌజర్ కర్మాగారంలో పనిచేసిన ఫీడర్లే సోదరులు దీనిని రూపొందించారు. పేటెంటు మాత్రం యజమాని పాల్ మౌజర్ పేరిట వెలువడింది.

పేల్చగానే గొట్టం, బోల్టు కలిసి కొద్దిదూరం వెనక్కి జరుగుతాయి. అంతలో వాటిని బంధించిన లోహపు దిమ్మె కిందికి దిగి బోల్టును విడిచిపెడుతుంది. బోల్టు ఖాళీ తొడుగును బయటికి విసిరి, స్ప్రింగు బలంతో తిరిగి వస్తూ కొత్త తూటాను గొట్టంలోకి నెడుతుంది. పది తూటాల అర పిడిలో కాక ట్రిగ్గర్‌కు ముందు ఉంటుంది. పిడి పట్టీలను బిగించేది తప్ప ఈ పిస్తోలులో మరొక మర లేదు. దీని చెక్క ఒరను పిడి వెనుక తగిలిస్తే భుజానికి ఆనించి పేల్చే చిన్న రైఫిలు అవుతుంది.

1898లో సూడాన్‌లోని ఓమ్‌దుర్మాన్ యుద్ధంలో విన్‌స్టన్ చర్చిల్ దీనిని వాడారు; భుజం గాయం వల్ల ఆయన కత్తి దూయలేని స్థితిలో ఉన్నారు. జర్మన్ సైన్యం మాత్రం 1908లో లూగర్‌నే ఎంచుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయుధాల కొరత ఏర్పడ్డాకే 9 మిల్లీమీటర్ల మౌజర్లను కోరింది. పాత 7.63 మిల్లీమీటర్ల తూటాలతో పొరపాటు జరగకుండా వాటి పిడిపై ఎర్రరంగులో 9 అంకె చెక్కారు.

భారతదేశంలో ఈ పిస్తోలు కథ 1914 ఆగస్టు 26న మలుపు తిరిగింది. కలకత్తాలోని ఆయుధ వ్యాపార సంస్థ రొడ్డా గుమాస్తా శిరీష్ చంద్ర మిత్ర కస్టమ్స్ నుంచి 202 పెట్టెలు విడిపించి, 192 మాత్రమే గిడ్డంగికి చేర్చాడు. మిగిలినవి తెస్తానని వెళ్లి తిరిగి రాలేదు. మాయమైన పది పెట్టెల్లో 50 మౌజర్లు, 46,000 తూటాలు ఉన్నాయి. సంస్థ వద్ద ప్రతి పిస్తోలు సంఖ్యా నమోదై ఉండడంతో దొరికినవాటిని గుర్తించడం పోలీసులకు సులువైంది. వీటిలో 44 తొమ్మిది విప్లవ బృందాలకు చేరాయనీ, 54 ఘటనల్లో వాడారనీ 1918 నాటి రౌలట్ కమిటీ నివేదిక పేర్కొంది. అప్పటికి 31 మాత్రమే తిరిగి దొరికాయి.

1915 సెప్టెంబరు 9న బాలాసోర్ సమీపంలో బాఘా జతిన్, నలుగురు అనుచరులు మౌజర్లతోనే పోలీసులను ఎదుర్కొన్నారు. రైఫిళ్లున్న బలగం ముందు పిస్తోళ్లు ఎంతసేపు నిలుస్తాయి? చిత్తప్రియ అక్కడే నేలకొరిగారు. జతిన్ మరునాడు ఆసుపత్రిలో కన్నుమూశారు.

1925 ఆగస్టు 9న లక్నో సమీపంలోని కాకోరీ వద్ద రాంప్రసాద్ బిస్మిల్ బృందం రైలు ఆపి ప్రభుత్వ ధనం తీసుకున్నప్పుడూ వారి చేతుల్లో మౌజర్లున్నాయి. ప్రయాణికులకు హాని చేయరాదన్నది వారి నిర్ణయం. అయినా మన్మథనాథ్ గుప్తా చేతిలోని పిస్తోలు అనుకోకుండా పేలి ఒక ప్రయాణికుడు మరణించాడు. దాంతో దోపిడీ కేసుకు హత్యాభియోగం తోడైంది. 1927 డిసెంబరులో బిస్మిల్, అష్ఫాఖుల్లా ఖాన్, రాజేంద్ర లాహిరీ, రోషన్ సింగ్‌లను ఉరితీశారు. మైనరు కావడంతో గుప్తాకు జైలుశిక్ష పడింది.