రెండు అద్దాలు, ఒక మాస్టారు

స్వర్ణోత్సవ కానుకగా బడికి ఏమిద్దామన్న చర్చలో ఈమధ్య ఎక్కువగా వినిపిస్తున్న మాట ‘వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్లు’. ఇంజినీరుగా నాకూ వాటిమీద మోజుంది. అయితే కొనేముందు వాటి చరిత్ర ఒకసారి తిరగేయడం మంచిది. ఇలాంటి వస్తువు తరగతి గదిలోకి రావడం ఇదే మొదటిసారి కాదు మరి.

మన రెండు కళ్ల మధ్య దూరం ఇంచుమించు ఆరున్నర సెంటీమీటర్లు. అందుకే ఒకే వస్తువు కుడికంటికి ఒకలా, ఎడమకంటికి కాస్త వేరుగా కనిపిస్తుంది. ఆ రెండింటినీ కలుపుకుని మెదడు లోతును గ్రహిస్తుంది. 1838లో ఇంగ్లండ్‌లో చార్లెస్ వీట్‌స్టన్ ఈ సంగతిని రాయల్ సొసైటీకి వివరించి, రెండు బొమ్మల్ని కలిపి చూపే స్టీరియోస్కోప్‌ను పరిచయం చేశాడు. ఇంటర్ ఫిజిక్సులో మనం కుస్తీ పట్టిన వీట్‌స్టన్ బ్రిడ్జికి ఈయన పేరే. 1861లో అమెరికాలో డాక్టరూ రచయితా అయిన ఆలివర్ వెండెల్ హోమ్స్, రెండు కటకాలతో చేత్తో పట్టుకుని చూసే తేలిక రకం తయారుచేశాడు. దానికి పేటెంటు తీసుకోలేదు. అది ఎందరి ఇళ్లకో చేరింది.

ఇళ్ల తర్వాత బడులు. పెన్సిల్వేనియాలోని కీస్టోన్ వ్యూ కంపెనీ 20వ శతాబ్దం మొదట్లో బడుల కోసం 600 బొమ్మల సెట్టు అమ్మింది. ఏ బొమ్మ ఏ పాఠానికి పనికొస్తుందో చెప్పే పుస్తకాన్ని టీచర్ల కోసం జతచేసింది. అమ్మేవాళ్లకు ఆనాడే తెలుసు, బొమ్మ దానంతటది పాఠం చెప్పదని.

స్టీరియోస్కోప్‌లో లేనిది ఒకటే: మనం తల తిప్పినా బొమ్మ కదలదు. 1968లో ఐవన్ సదర్లాండ్ ఆ లోటు తీర్చాడు. తలకు తగిలించుకునే చిన్న తెరలు, తల ఎటు తిరిగిందో కొలవడానికి పైకప్పు నుంచి వేలాడే యంత్రపు చేయి. కనిపించేవి గీతలతో గీసిన ఆకారాలే. ఆ చేయి చేసిన పనిని ఇప్పుడు సెల్‌ఫోన్‌లోని గోరంత చిప్పులు చేస్తున్నాయి.

అందుకే 2014లో గూగుల్ ఒక అట్టపెట్టెలో ఫోను పెట్టి హెడ్‌సెట్ అనగలిగింది. మరుసటి ఏడాది బడుల కోసం ‘ఎక్స్‌పెడిషన్స్’ ప్రకటించింది. టీచరు చేతిలో ట్యాబ్లెట్. ఆమె ఒకచోట వేలు పెడితే పిల్లలకు అటు చూడమని బాణం గుర్తు కనిపించేది. పిల్లలు ఎటు చూస్తున్నారో ఆమెకు తెలిసేది. పగ్గాలు టీచరు చేతిలో ఉంచిన మంచి ఏర్పాటు అది. 2021 జూన్‌లో ఆ యాప్ ఆగిపోయింది. నూరేళ్లనాటి అట్టబొమ్మను ఇవాళ కూడా చూడవచ్చు. ఆ యాప్‌ను మాత్రం, కంపెనీ ఆపేశాక మనం నడపలేం.

ఒంటికి తగిలించే పరికరాల్లో ఇంకో రకం ఉంది. చైనాలోని జిన్హువాలో ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లల తలలకు మెదడు తరంగాలు కొలిచే పట్టీలు పెట్టారు. ఎవరి ధ్యాస ఎంతుందో ఆ అంకెలు టీచర్లకూ తల్లిదండ్రులకూ చేరేవి. 2019లో ఆ సంగతి బయటికి పొక్కగానే జనం మండిపడ్డారు, వాడకం ఆపేశారు. హెడ్‌సెట్ పిల్లవాడికి లోకాన్ని చూపిస్తుంది. ఈ పట్టీ పిల్లవాణ్ణే అనుక్షణం కనిపెడుతుంది. రెండూ ‘టెక్నాలజీ’ పేరుతోనే వస్తాయి కనుక కొనేవాళ్లు తేడా గమనించాలి.

కాబట్టి సంఘం ముందు నా మాట ఇది. తరగతికంతటికీ కాకుండా, వంతులవారీగా చూసేలా పది హెడ్‌సెట్లు చాలు. ఇంటర్‌నెట్ లేకున్నా, కంపెనీ మూసేసినా పనిచేసే పాఠాలే ఎంచుకుందాం. మిగిలిన డబ్బు మరమ్మతులకూ, టీచర్ల శిక్షణకూ విడిగా పెడదాం. పిల్లల ధ్యాసను కొలిచే పట్టీలు ఉచితంగా ఇస్తామన్నా వద్దందాం. ఏ పాఠానికి ఏది చూపించాలో మన ఉపాధ్యాయులే జాబితా రాయాలి. ఆ జాబితా చేతికొచ్చాకే ఆర్డరు పెడదాం.